ఇసుక మీద కాలిన కేకు

ఇవాళ ఓవెన్ తలుపు తీయగానే ఆ చాక్లెట్ వాసన నన్ను బందరులో మా వంటింట్లోకి లాక్కెళ్ళింది. కుక్కర్ అడుగున సముద్రపు ఇసుక పోసి కేకు చేసిన రోజులు గుర్తున్నాయా మీకు?

ఓ మధ్యాహ్నం గుడివాడ నుంచి మా మేనత్త పిల్లలతో చెప్పాపెట్టకుండా దిగింది. అమ్మ గబగబా చాక్లెట్ కేకు చేసి, మధ్యకి కోసి జామ్ రాసింది.

"బందరొస్తే లడ్డూ పెట్టాలి గానీ, ఇదేంటమ్మాయ్?" అంది అత్త.

అమ్మ ఓ ముక్క అత్త చేతిలో పెట్టింది. రెండో ముక్క అత్తే అడిగింది. మూడోది అడక్కుండానే తీసుకుంది.

వెళ్ళేటప్పుడు నాన్న లడ్డూలు తెస్తానంటే ఆపేసింది.

"లడ్డూలొద్దురా తమ్ముడూ. అమ్మాయ్, ఆ కుక్కర్లో ఇసుక కాస్త సంచిలో పొయ్యి. మా గుడివాడలో ఇలాంటిది దొరకదు."

బందరొచ్చి, లడ్డూ కాదని ఇసుక మోసుకెళ్ళిన చుట్టం లోకంలో మా అత్తొక్కతే. మోయించింది మా అమ్మ!