పెంచలయ్య లేస్తే ఆగిపోయే మెషిన్

నిన్న పొద్దున టీ కొట్టు తెరిచి పాలు పొయ్యి మీద పెట్టానో లేదో, ఫోన్ వచ్చింది. పెంచలయ్య రాత్రి నిద్రలోనే పోయాడట.

నమ్మలేదు. ముందురోజు సాయంత్రం నా దగ్గరే టీ తాగి, చక్కెర తక్కువైందని తిట్టిపోయిన మనిషి.

పాలు దించి, కొట్టు మూసి వాళ్ళింటికి పోయాను. వరండాలో పడుకోబెట్టారు. నేను వాకిట్లోకి అడుగుపెట్టాను.

పెంచలయ్య లేవలేదు.

అప్పుడు నమ్మాను.

మా వాళ్ళకు ఈ మాట చాలు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను.

తనకంటే ఒక్క ఏడాది పెద్దవాళ్ళు, నాలాంటివాళ్ళు కనబడినా లేచి నిలబడటం పెంచలయ్య అలవాటు. బస్సులో లేచేవాడు. భోజనాల బంతిలో లేచేవాడు. ఒకసారి సెలూన్‌లో సగం గడ్డంతో లేచాడు. చెంప మీద గాటు ఆ మర్యాద తాలూకుదే.

అల్లూరు నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డులో ఒక రిసార్ట్ ఉంది. దాని గేటుకు ఎదురుగా నా కొట్టు. లోపల లాన్‌లో గడ్డి కోసే పని పెంచలయ్యది. చేత్తో కాదు, మీద కూర్చుని నడిపే మెషిన్‌తో. చూడ్డానికి చిన్న ట్రాక్టర్‌లా ఉంటుంది, పొట్ట కింద బ్లేడ్ తిరుగుతుంది.

అది వచ్చిన రోజు పల్లె పల్లెంతా చూడ్డానికి వచ్చింది. మా వైపు గడ్డి అంటే గేదె మేయాల్సిందే. ఒక ముసలామె చాలాసేపు చూసి, "ఇంత మేస్తుండాది, పూటకి ఎన్ని పాలిస్తదంట?" అని అడిగింది. సరే, ఆ కథ వేరు.

ఆ మెషిన్ సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. మనిషి సీటు మీద నుంచి లేస్తే ఇంజనూ బ్లేడూ రెండూ ఆగిపోతాయి. పొరపాటున మనిషి కింద పడితే కాలో చెయ్యో పోకూడదని తయారుచేసినవాళ్ళు తీసుకున్న జాగ్రత్త.

తయారుచేసినవాళ్ళకు పెంచలయ్య సంగతి తెలియదు.

లాన్ పక్కనే, కంచె వెంబడి పల్లెకు పోయే బాట. ఒక పెద్దాయన కనబడగానే ఇతను లేవడం, మెషిన్ ఆగడం. దండం పెట్టి, కూర్చుని, మళ్ళీ స్టార్ట్ చేసేలోపు ఇంకో పెద్దాయన.

మెషిన్ పాడైందనుకుని మేనేజర్ మెకానిక్‌ను పిలిపించాడు. మెకానిక్ నడిపితే చక్కగా నడిచింది. అతను ఎవరొచ్చినా లేచే రకం కాదు.

చివరికి అసలు సంగతి తెలిసి మేనేజర్ బతిమాలాడు. "కూర్చునే దండం పెట్టవయ్యా."

"పెద్దోళ్ళు నడిచిపోతావుంటే నేను బండెక్కి కూర్చోనుంటే ఏం బాగుంటది సార్?"

ఇక లాభం లేదని, ఆ స్విచ్‌కు వైరు చుట్టేయమని ఎలక్ట్రీషియన్ మస్తాన్‌కు చెప్పారు. వైరు చుడితే మనిషి సీట్లో ఉన్నాడో లేడో మెషిన్‌కు తెలియదు. బ్లేడ్ తిరుగుతూనే ఉంటుంది.

మస్తాన్ వైరు తీసుకుని వచ్చి, ముందు నా దగ్గర టీ తాగుతూ నిలబడ్డాడు. నేను గూడూరు పోయే నిమ్మకాయల లారీ కథ ఎత్తుకున్నాను. నా కథలు కొంచెం పొడుగు. ఇది చదువుతున్నారంటే మీకూ తెలిసే ఉంటుంది.

అప్పుడు పెంచలయ్య కొలను పక్క ఏటవాలులో కోస్తున్నాడు. ఏటవాలులో అడ్డంగా పోతే బోల్తా పడుతుందని నిలువుగా, నిదానంగా నడిపేవాడు. అందులో వంక పెట్టడానికి లేదు.

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. మనుబోలు నుంచి రమణయ్య మామ దిగాడు. పెంచలయ్య భార్య కాంతమ్మకు నాన్న.

పిల్లనిచ్చిన మామ. ఇంకేముంది, ఏటవాలు మీద, రెండు చేతులూ జోడించి లేచి నిలబడ్డాడు.

మంచు తడికి కాలు జారింది. మనిషి బోర్లా పడి, జారి, ఒక పాదం మెషిన్ కిందికి దూరింది.

కథ వదిలి పరిగెత్తాం. లాగితే పాదం వచ్చింది. దానికి చెప్పు కూడా ఉంది. చెప్పు మీద గీత కూడా లేదు. బ్లేడ్ అప్పటికే ఆగిపోయింది.

మామ తాపీగా కంచె దగ్గరికి వచ్చి, "ఏందల్లుడా, ఈ వయసులో సాష్టాంగం దేనికి, దండం చాల్దా?" అన్నాడు.

మస్తాన్ చేతిలో వైరు వంక చూసుకున్నాడు. దాన్ని నా చేతిలో పెట్టేశాడు. "అన్నా, నీ కథలో ఆ లారీ ఇంకొంచెం ముందే గూడూరు చేరుంటే..." అన్నాడు.

ఆ వైరు ఇప్పుడు నా టీ కెటిల్ పిడికి చుట్టి ఉంది.

ఆ సాయంత్రమే కాంతమ్మ ఇంటింటికీ తిరిగింది. "మా ఆయన బండి మీదుంటే ఆ దావన రాబాకండి. వస్తే సర్వి తోపులో దాక్కోండి. మీ పెద్దరికానికి ఆయన కాలు పోతే మీరొచ్చి మోస్తారా?"

దాక్కున్నారు. గడ్డి కోసే రోజు సర్వి చెట్ల, అదే సరుగుడు చెట్ల వెనక పల్లె పెద్దలంతా ఉండేవాళ్ళు. నేను టీ అక్కడికే పంపేవాణ్ణి. కొన్నాళ్ళకు దాక్కోవడమే పెద్దరికం అయిపోయింది. నిండా నలభై రానివాళ్ళు కూడా వచ్చి దాక్కుని, మీసం దువ్వుకునేవాళ్ళు.

పెంచలయ్య మర్యాద పనిచేయని చోటు ఒక్కటే, మెషిన్ పెట్టే షెడ్డు. ఇంజన్ చల్లారాకే లోపల పెట్టి, తాళంచెవి తీసి జేబులో వేసుకునేవాడు. పెట్రోల్ డబ్బా ఎక్కడో దూరంగా ఉండేది. ఎంత పెద్దాయనైనా బీడీతో అటు వస్తే, "పెద్దరికం, బీడీ రెండూ బయట పెట్టి రాండి" అనేవాడు. కూర్చునే అనేవాడు.

నిన్న ఆ సర్వి తోపు పెద్దలంతా వచ్చారు.

రమణయ్య మామ కర్ర పట్టుకుని వచ్చాడు. ఎవరో కుర్చీ వేశారు. కూర్చోలేదు. ఇంకెవరో రెక్క పట్టుకుని కూర్చోబెట్టబోయారు.

"ఉండనీండ్రా. నన్ను చూసి వాడు ఎన్నిసార్లు లేచినాడో. ఈ ఒక్కసారి నన్ను నిలబడనీండి."

పెంచలయ్యను పాడె మీదికి ఎత్తేదాకా అలాగే నిలబడ్డాడు. మేమూ ఎవరం కూర్చోలేదు.

పెంచలయ్యా, ఇంక హాయిగా ఉండు నాయనా.

ఎవురొచ్చినా లేయబాక.