అక్కకి పోస్టొచ్చిందన్నాను

మా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా వీధికి రోజూ పోస్టు వచ్చేది... ఎదురింటి సరోజక్కకి మాత్రం పోస్టు రాలేదు. మొదటిది ఉత్తరం, రెండోది ఉద్యోగం. రెంటికీ ఒకటే మాట. దాంతోనే నేను ఆడుకున్నాను.

అక్క టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తోంది. ఓ పొద్దున ఆమె కుట్టు నేర్చుకోడానికి వెళ్లినప్పుడు పోస్ట్‌మాన్ నా చేతికో కార్డిచ్చాడు. జి.కొండూరు నుంచి ఆమె స్నేహితురాలు రాసింది. దాన్ని పరికిణీ నడుములో దోపుకుని వాళ్లమ్మ రంగమ్మత్తయ్య దగ్గరికి పరిగెత్తాను.

"అత్తయ్యా, అక్కకి పోస్టొచ్చింది."

"నిజమేనటే?"

"నీమీదొట్టు."

రుబ్బే పిండి రోట్లోనే వదిలేసి చేతులు కడుక్కుంది. వేదాద్రి వెళ్లే బండి ఆపి ఎక్కుతూ అంది... "అక్కకి ఉద్యోగమొస్తే నరసింహస్వామికి జుట్టిస్తానని మొక్కానే. ఇచ్చేసొస్తా, దానికి చెప్పు."

నడుం దిగే జడ ఆమెది. 'అది ఉత్తరం అత్తయ్యా' అంటే చాలు... నోరు రాలేదు. బండి మలుపు తిరిగిపోయింది.

సాయంత్రం గుండుకి గంధం పూసుకుని దిగింది. గుమ్మంలో అక్క, చేతిలో నేనిచ్చిన కార్డు. అక్క నన్ను కొట్టబోతే అత్తయ్యే అడ్డమొచ్చింది.

"దాన్నేమనకే. ఉత్తరమొచ్చిందనే చెప్పింది పాపం. ఆశకొద్దీ నేనే ఇంకోలా విన్నా."

నేను అవునన్నట్టు తలూపాను. అల్లరి కన్నా ఆ తలూపడమే పెద్ద తప్పు...

రెండేళ్లకి అక్కకి నందిగామలో ఉద్యోగమొచ్చింది. భుజాల దాకా పెరిగిన జుట్టు అత్తయ్య మళ్లీ ఇచ్చొచ్చింది.

"ఒకసారి ఇచ్చావు కదమ్మా," అంది అక్క.

"అది కార్డుకి. ఇది ఉద్యోగానికి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నిజం మాత్రం చెప్పలేదు.

నా చదువు ఐదుతోనే ఆగింది. మొన్న మనవరాలు చెప్పింది... పూర్వం దారి పొడవునా మనుషుల్ని నిలబెట్టి ఉత్తరాలు చేతులు మార్పించేవాళ్లట. అలా నిలబెట్టడంలోంచే ఉత్తరాల పోస్టూ, ఉద్యోగం పోస్టూ పుట్టాయట. దీపస్తంభం పోస్టుది మాత్రం వేరే పుట్టుకట. రెండూ ఒకచోటే పుట్టాయంటే నేను చెప్పింది మరీ అబద్ధం కాదేమో అనుకోబోయాను... అత్తయ్య గుండు గుర్తొచ్చింది.

ఇప్పుడు ఉద్యోగం కబురు నేరుగా ఫోనులోకే వస్తోంది. మధ్యలో నాలాంటిది నిలబడే చోటే లేదు. చెప్పుకుందామంటే అత్తయ్యా లేదు...

మీకూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఇక్కడ రాయండి, చదువుతాను. కానీ ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం, ముందు వాళ్లింటికెళ్లి చెప్పి రండి.