మూడో భాగంలోనూ మాట్లాడని పిల్ల

2023లో నేను ఖతర్‌లో, అల్ రయ్యాన్ శివార్లలో ఉన్న ఒక లేబర్ క్యాంపులో వెల్ఫేర్ అసిస్టెంట్‌గా పనిచేసేవాణ్ని. కార్మికుల గదుల మంచిచెడ్డలు చూడటం, శుక్రవారం సెలవునాడు మెస్ హాల్లో తెర కట్టి సినిమా వేయడం నా డ్యూటీ. తెరమీద మాటలు ఇంగ్లీషు, కింద అక్షరాలు అరబీ. మావాళ్ళలో చాలామందికి ఆ రెండూ రావు. అందుకని నేను పక్కన మైకు పట్టుకుని, ఎవరేమన్నారో తెలుగులో చెబుతూ పోయేవాణ్ని. దాన్ని కామెంటరీ అనేవాళ్ళం. ముందురోజు ప్రివ్యూ, అంటే ఒక్కణ్నే కూర్చుని సినిమా మొత్తం చూసుకోవాలి. తెరమీద ఉన్నదే చెప్పాలి, సొంత పైత్యం కలపకూడదు.

మాది భీమవరం దగ్గర. హాల్లో కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్ళు. నా మైకులో రాక్షసులు కూడా గోదావరి యాసలో "ఆయ్" అంటారని ఏడిపించేవారు. అది సరదా. అసలు బాధ వేరే ఉంది. మైకు పట్టినవాడే కథ రాసినవాడని వాళ్ళ నమ్మకం. సినిమాలో ఎవరైనా మంచివాడు చస్తే మెస్‌లో రెండు రోజులు నాతో సరిగా మాట్లాడేవారు కాదు.

ఆ ఏడాది మూడు భాగాల అంతరిక్ష కథ ఒకటి వేశాం. గ్రహాల మధ్య యుద్ధాలు, మంత్రశక్తులు, సింహాసనం కోసం తిరిగే యువరాజు. అందులో ఓడల ఇంజన్లలో మసి తుడిచే పిల్ల ఒకతె ఉంది. నోరు తెరవదు. మొదటి భాగంలో ఆమె చెయ్యెత్తగానే కూలిపోతున్న ఓడ గాలిలో నిలిచిపోయింది. అది చూసిన ముసలి గురువు, ఈ పిల్ల మాట్లాడిన రోజు యుద్ధం ఆగిపోతుంది అన్నాడు. రెండో భాగంలో ఆయన చనిపోతూ ఆమె చేతిలో ఒక పెట్టె పెట్టాడు. అందులో ఏముందో చూపించలేదు. హాలంతా మూడో భాగం కోసం కాచుకుని కూర్చుంది.

అందరికంటే ఎక్కువ కాచుకున్నవాడు రాజలింగం. స్కాఫోల్డర్, అంటే కట్టే భవనం చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టేవాడు. జగిత్యాల దగ్గరి పల్లె. సినిమా అయిపోగానే ఇంటికి ఫోన్ చేసి కథంతా కూతురికి చెప్పేవాడు. ఆ పిల్ల శ్రావణి, ఎనిమిదో తరగతి. నత్తి. క్లాసులో నవ్వుతున్నారని బడి మానేస్తానని మొండికేసింది. మసి తుడిచే పిల్ల కథ విన్నాకే మళ్ళీ పుస్తకాల సంచీ భుజాన వేసుకుంది. మూడో భాగంలో ఆమె మాట్లాడుతుంది చూడు అని తండ్రి మాటిచ్చాడు. ఆ మాట మీదే బడికి పోతోంది.

గురువారం ప్రివ్యూలో ఆ మూడో భాగం చూశాను. ఒళ్ళు మండిపోయింది. మసి తుడిచే పిల్ల రెండుసార్లు కనిపించింది. ఒకసారి యువరాజుకు మంచినీళ్ళు ఇచ్చింది, ఇంకోసారి గుంపులో నిలబడి చప్పట్లు కొట్టింది. పెట్టె ఊసే లేదు. గురువు చెప్పిన మాట ఎవరికీ గుర్తు లేదు. యుద్ధాన్ని యువరాజే ఆపేసి పెళ్ళి చేసుకున్నాడు. అన్ని ఓడలు పేల్చడానికి సినిమా తీసినవాళ్ళకు తీరిక ఉంది. ఒక్క పిల్ల నోట ఒక్క మాట పలికించడానికి లేదు. పిలిచి, పీట వేసి, విస్తరి ముందు కూర్చోబెట్టి, వడ్డించకుండా లేపేసినట్టుంది.

సాయంత్రం రాజలింగాన్ని పక్కకు పిలిచి ఉన్నది చెప్పాను. గురువు అంత మాటన్నాక ఎట్లా వదిలేస్తారని నన్నే నిలదీశాడు. నియమం సంగతి తర్వాత, రేపు కామెంటరీలో ఆ పిల్ల చేత నేనే మాట్లాడిస్తాను, అదే శ్రావణికి చెప్పు అన్నాను. అతను ఒప్పుకోలేదు.

"వద్దు సారు. పెదవులు కదలకుంట మాటెట్లొస్తది? రేపు నా బిడ్డ పెద్దగయినంక అదే సిన్మ సూస్తది. మా బాపు గూడ మోసం జేసిండు అనుకుంటది. వాళ్ళు జేసిన తప్పుకు నేనెందుకు అబద్ధమాడాలె?"

శుక్రవారం తెరమీద ఉన్నదే చెప్పాను. హాల్లో దీపాలు వేసేసరికి అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. పెట్టెలో ఏముందని ఒకరు, ఆ పిల్ల ఏమైందని ఒకరు, అందరూ నా మీదికే. నాకూ తెలియదని, తీసినవాళ్ళు దొరికితే నేనే కడిగేసేవాణ్నని అరిచాను. నా కోపం చూసి వాళ్ళే కాస్త తగ్గారు.

రాజలింగం జర పక్కన కూర్చొమ్మని నన్ను ఆపి, స్పీకర్ పెట్టి ఇంటికి ఫోన్ చేశాడు. ఏదీ దాచకుండా కథంతా చెప్పాడు. ఇక ఆ పిల్ల బడి ముగిసినట్టేనని అనుకున్నాను. రాజలింగం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు శ్రావణి మొదలుపెట్టింది. మాట మాటకూ తట్టుకుంటూ, ఆగి, మళ్ళీ అందుకుంటూ, ఆ సినిమావాళ్ళను తిట్టింది. మేమిద్దరం మధ్యలో ఒక్క మాట అందివ్వలేదు.

"ఆ పి... పిల్లకు మాట్లాడ రాక కాదు బాపు. వాళ్ళే మాట్లాడనియ్యలే. మా టీచర్ గూడ గంతే. సదివే వంతు నా కాడికి రాంగనే పక్క పిల్లను లేపుతది."

ఈ సంగతి రాజలింగానికి అంతవరకూ తెలియదు. పిల్లే సిగ్గుపడి చదవడం మానేసిందని అనుకుంటున్నాడు. మర్నాడు సైట్‌లో కాసేపు వదలమని ఫోర్‌మన్‌ను బతిమాలుకుని హెడ్‌మాస్టరుకు ఫోన్ చేశాడు. మా బిడ్డకు పాఠం చదవడానికి ఎంతసేపు పడితే అంతసేపు ఆగండి, అంతకన్న ఏమీ అడగను అన్నాడట. తర్వాత కొన్నాళ్ళకు శ్రావణి క్లాసులో లేచి పద్యం చదివింది. నత్తి పోలేదు. నవ్వినవాళ్ళూ ఉన్నారట. అయినా చివరి పాదం దాకా చదివే కూర్చుంది.

ఆ క్యాంపులో ఇంకా చాలా సినిమాలకు మైకు పట్టాను. ఎవరినైనా కథలోకి పిలిస్తే వాళ్ళ వంతు వచ్చేదాకా, వాళ్ళ మాట అయ్యేదాకా ఆగాలని ఆ ఒక్క సినిమా వల్లే తెలిసింది. ఆ ఓపిక లేనివాడు పిలవకూడదు, బడిలోనైనా సరే. ఆ సినిమా తీసినవాళ్ళను మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.