బెల్టు మీది ఎంగిలి

మా అక్క ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. రక్తం, చీము, వాంతులు, ఇంకా నేను నోటితో చెప్పలేనివన్నీ అంటిన దుప్పట్లు ఆమె చేతుల మీదుగానే మిషన్లలోకి వెళ్తాయి. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, హాయిగా అన్నం తింటుంది. "ఛీ, ఎలా తినబుద్ధవుతుందే నీకు?" అని అడిగితే, "పాపం, వాళ్ళేమైనా కావాలని చేశారా?" అంటుంది. నాకంత సహనం లేదు. పాలల్లో మీగడ తరక కనిపించినా గ్లాసు పక్కన పెట్టేస్తాను.

అలాంటి అక్కకి ముప్పై ఆరో ఏట ఒక మనిషి నచ్చాడు. మందుల కంపెనీ ఏజెంటు. ఆసుపత్రికి వస్తూ పోతూ పరిచయమయ్యాడట. మంచి మాటకారి. అమ్మ సంబరానికి పట్టపగ్గాల్లేవు. అతను భోజనానికి పిలిస్తే నన్ను తోడు పంపుతూ, "ఈ సంబంధం కూడా తప్పిపోతే అది ఇంక పెళ్ళి మాటెత్తనివ్వదు. నీ నోటి దురుసు కాస్త ఇంట్లో పెట్టి వెళ్ళవే తల్లీ" అని బతిమాలింది.

అతను తీసుకెళ్ళింది జపాన్ వాళ్ళ సుషీ హోటలుకి. బల్లల పక్క నుంచి ఒక బెల్టు హాలంతా తిరుగుతూ ఉంటుంది. దాని మీద చిన్న చిన్న పళ్ళేలు. నచ్చింది తీసుకుని తినడమే. చల్లటి అన్నం ముద్ద, దాని మీద పచ్చి చేప ముక్క, తడితడిగా, గులాబీ రంగులో. నోట్లో పెట్టుకుంటే ఎవరిదో నాలుక నా నాలుక మీద పడుకున్నట్టుంది. యాక్! నీళ్ళు తాగి ఎలాగో మింగాను. అక్క మాత్రం "బానే ఉందే" అంటూ ఇష్టంగా తింటోంది. ఎన్నాళ్ళకో ఆమె ముఖంలో కళ కనిపించింది. నేను నోరు కుట్టేసుకున్నాను.

అప్పుడతను ఇంకో పళ్ళెం తీశాడు. రెండు ముక్కలున్నాయి. ఒకటి సగం కొరికి, మొహం చిట్లించి, మిగిలిన సగాన్ని పళ్ళెంలో పెట్టాడు. కొరికిన వైపు కనపడకుండా రెండో ముక్కకి ఆనించి, వేలితో సర్ది, పళ్ళేన్ని మళ్ళీ బెల్టు మీదకి తోసేశాడు. పైగా ఆ వేలు నాక్కున్నాడు!

"అదేంటండీ?" అంది అక్క.

"బాలేదు. ఎవరో ఒకరు తినేస్తార్లే. వాళ్ళకేం తెలుస్తుంది?" అని నవ్వాడు.

ఇంతకంటే పచ్చి చేపే నయం. కొరికిన ఎంగిలి ముక్క దర్జాగా ఊరేగుతూ పోతోంది. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన, ఒళ్ళోని మనవరాలికి పెట్టడానికి కాబోలు, సరిగ్గా దాన్నే తీసుకున్నాడు.

అక్క ఒక్క ఉదుటున లేచి వెళ్ళి ఆయన చేతిలోంచి పళ్ళెం లాగేసింది.

"వద్దు తాతగారూ, పాపకి పెట్టకండి. అది ఎంగిలిది."

"ఛీ ఛీ! ఎవడమ్మా ఆ దరిద్రుడు?"

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. చెప్పొద్దని అతను అక్కకి సైగలు చేస్తున్నాడు. అక్క కళ్ళ నిండా నీళ్ళు. వచ్చి పళ్ళేన్ని అతని ముందు పెట్టింది.

"మీవాడా అమ్మా?" అన్నాడు ముసలాయన.

"కాదండీ" అంది అక్క, సంచీ భుజానికి తగిలించుకుంటూ. "మాకేమీ కాడు."