మంచి త్రోలు పన్నెండు, చెడ్డవి రెండు

ఏప్రిల్ చివర్లో కెనడాలోని మా విండ్సర్‌లో ఒక తెలుగు ఇంటి బేస్‌మెంట్‌లో ఏటా మూడు రోజులు సభ జరుగుతుంది. అధ్యక్షుడు ఆ ఇంటాయనే, మా మిత్రుడు. కరీంనగర్ మనిషి, నాకంటే నాలుగేళ్లు చిన్న, రోజూ నది కింది సొరంగం దాటి అవతల అమెరికాలోని డెట్రాయిట్‌లో ఆఫీసుకు వెళ్లి వస్తాడు. ప్రతిపక్షం నేను. చర్చించే విషయం ఒక్కటే. అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు ఈ ఏడాది కాలేజీల నుంచి ఏ క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంటాయి, వాడు పనికొస్తాడా, రాడా? ఆ కుర్రాళ్లకు మేమెవరమో తెలియదు, ఆ జట్లకు మా అభిప్రాయంతో పని లేదు. అయినా గొంతులు ఎంత లేస్తాయంటే, పైనుంచి మిత్రుడి భార్య కాలితో నేలను తట్టి హెచ్చరించాల్సి వస్తుంది.

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి మొదట చేతికి వచ్చేవాడు. ఎదుటివాళ్లు మీదకు దూసుకొస్తుంటే రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకుని విసరాలి. గెలిస్తే దండలు వాడికే, ఓడితే తిట్లూ వాడికే. ఇక ఆ మూడు రోజులూ జరిగే డ్రాఫ్ట్ అంటే మన ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగే, కాకపోతే తిరగేసింది. ఇక్కడ అందరికంటే చివర్లో నిలిచిన జట్టు వరసలో ముందు నిలబడి, తనకు నచ్చిన కుర్రాణ్ని ఎంచుకుంటుంది.

ఈ మొత్తం వ్యవహారం మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఆ కుర్రాళ్ల అరచేతులు కొలుస్తారు. ఎత్తు కొలుస్తారు. మీద ఎవ్వరూ పడని ఖాళీ మైదానంలో నిక్కర్లు వేసి బంతులు విసిరిస్తారు. టీవీలో కోట్లు వేసుకున్న పెద్దమనుషులు "ఇలాంటి భుజం ఇరవై ఏళ్లకోసారి పుడుతుంది" అంటారు, మళ్లీ రెండేళ్లకే ఇంకొకడి గురించి అదే మాట అంటారు. ఎవరు ఎవరి చేత ఏం చెప్పిస్తున్నారో అని నేను టీవీ వైపు చూస్తూ లోపల లెక్కలు కట్టుకుంటాను.

ఈ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్ ఎంట్రన్సులో నాకు చెప్పుకోదగ్గ ర్యాంకు వచ్చింది. మర్నాడు పేపరు మొదటి పేజీలో ఒక కోచింగ్ సెంటర్ ప్రకటన. అందులో నా ఫొటో ఉంది. ఆ సెంటర్‌లో నేను ఒక్క ఆదివారం ఒక్క మోడల్ పరీక్ష రాశాను, అంతే. మా నాన్న మురిసిపోయి ఆ పేపరు పదిమందికీ చూపించాడు. నేను మాత్రం ఆ పేజీలో ఉన్న మిగతా ముఖాలన్నీ చూస్తూ, వీళ్లలో నిజంగా అక్కడ చదివినవాళ్లు ఎందరా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అప్పటినుంచి ఎవరైనా ఎవర్నైనా గొప్పవాడంటే, వాణ్ని గొప్ప చేసిందెవరని ముందు అడుగుతాను.

పైగా నా ఉద్యోగం కూడా అదే. కార్ల బ్రేకుల విడిభాగాలు చేసే ప్లాంటులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. బాగున్నదాన్ని బాగుందని చెప్పినందుకు మాకు ఎవరూ జీతం ఇవ్వరు. తప్పు పట్టుకుంటే ఎర్ర ట్యాగు కట్టి పక్కన పెట్టాలి. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఇంట్లో పాల డబ్బా మీద తేదీ కూడా రెండుసార్లు చూస్తాను. కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో నన్ను మించినవాడు లేడని మా ఆవిడ బిరుదు ఇచ్చింది.

మొన్నటి ఏప్రిల్‌లో మా మిత్రుడు ఒక కుర్రాడి మీద మనసు పారేసుకున్నాడు. వాణ్ని ఏ జట్టు తీసుకుంటుందో తేలకముందే వాడి కాలేజీ చొక్కా కొని వేసుకుని కూర్చున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

"ఈ పిలగాడు మామూలోడు కాదన్నా. బంతి ఇడిసిపెడితే అరవై గజాలు పోతది," అన్నాడు.

"మీద ఎవడూ పడకపోతే నేనూ విసురుతా."

"నువ్వా? నీకు భుజం లేస్తలేదని మొన్ననే జెప్తివి గదనే!"

"సరేగానీ, వాడు విసిరిన వాటిల్లో ఎన్నిటిని అవతల పట్టుకునే రిసీవర్ ఆదుకున్నాడో చూశావా? ఆ పొడుగోడు గాల్లోకి ఎగిరి పట్టుకుంటే పేరు వీడికి. అంతేగా?"

మా మిత్రుడు నన్ను జాలిగా చూశాడు. "నీ లెక్కల జూస్తే పుట్టినోడు ఎవ్వడూ పాస్ గాడన్నా."

సభకొచ్చిన మిగతా తెలుగువాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా దగ్గర మాత్రం ఆ కుర్రాడి మీద ఒక పట్టిక ఉంది. ప్లాంటులో తనిఖీ కాగితం ఎలా గీస్తామో అలాగే గీశాను. ప్రతి త్రోకీ ఒక వరస. విసిరినవాడి గొప్పా, పట్టుకున్నవాడి గొప్పా అని ఒక గడి. ఆ గడి నింపడం కోసమే బంతి చేయి వదిలిన క్షణం నుంచి నా కళ్లు బంతితోనే వెళ్లేవి. విసిరినవాడు తర్వాత ఏం చేశాడో నేనెప్పుడూ చూడలేదు.

మా అమ్మాయి కూడా క్వార్టర్‌బ్యాకే.

పదకొండో గ్రేడు. వాళ్ల హైస్కూల్లో ఆడపిల్లలకు ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. ఇందులో ఎవరూ ఎవర్నీ పడేయరు. నడుముకు గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి, పట్టీ లాగేస్తే ఆట అక్కడికి ఆగిపోతుంది. బంతి విసరడం మాత్రం అసలు ఆటలో లాగానే. నా పక్కన సోఫాలో కూర్చుని ఆదివారాలు ఆట చూస్తూ పెరిగిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. మరీ కోపం వస్తేనో, ఏడుపు వస్తేనో తెలుగు మాట్లాడుతుంది.

మే నెల మొదట్లో ఒక రోజు భోజనాల దగ్గర చెప్పింది. మా ప్రాంతం మొత్తానికీ కలిపి పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల జట్టు ఒకటి కడుతున్నారట. ముందు ఐదు నిమిషాల వీడియో పంపాలి. నచ్చితే శిక్షణ శిబిరానికి పిలుస్తారు. ఆమెకు సెప్టెంబరులో పదిహేడు నిండుతాయి. అంటే ఆ జట్టులోకి వెళ్లడానికి ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది.

"నా గేమ్స్ అన్నీ నువ్వే కదా షూట్ చేశావు నాన్నా. జస్ట్ పిక్ మై బెస్ట్ ట్వెల్వ్," అంది. ఆ అడగడంలో ఎంత నమ్మకం ఉందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

రెండేళ్లుగా ఆమె ఆటలన్నీ తీసింది నేనే. మైదానం పక్కన ఇనుప కంచె దగ్గర, నదిమీదుగా వచ్చే చలిగాలికి గోధుమరంగు కోటు బిగించుకుని, ఫోను ఎత్తి పట్టుకుని నిలబడేవాణ్ని. ఆమె మీద కూడా నా దగ్గర పట్టిక ఉంది. ఎందుకుండదు? వాళ్ల జట్టులో ఒక పొడుగమ్మాయి ఉంది. ఎటు విసిరినా చేతులు చాచి అందుకుంటుంది. సగం గొప్ప ఆ పిల్లదేనని నా అనుమానం. ఒకసారి కారులో అనేశాను కూడా, "ఆ పొడుగమ్మాయి లేకపోతే ఎలా ఆడతావో చూడాలి" అని. వెనక సీట్లో ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. వినలేదేమో అనుకున్నాను.

శనివారం పొద్దున డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని వీడియో కట్ చేయడం మొదలుపెట్టాను. పన్నెండు మంచి త్రోలు దొరికాయి. వరసగా పెట్టి చూసుకుంటే బ్రహ్మాండంగా ఉంది. అదే నన్ను పట్టి పీడించింది. ఇంత బ్రహ్మాండంగా ఉంటే నేనైతే నమ్మను. పేపరులో నా ఫొటో ఉన్న పేజీ ఎలా ఉందో ఇదీ అలాగే ఉంది. చూసేవాళ్లు కూడా ఇలాంటివి వందలు చూసి ఉంటారు, వాళ్లకీ అనుమానం వస్తుంది. ఒకటి రెండు తప్పులు కనిపిస్తే, ఈ పిల్ల దాచుకోలేదు, నిజాయితీగా పంపింది అనుకుంటారు.

అలా అనుకుని రెండు చెడ్డ త్రోలు కలిపాను. ఒకటి నేరుగా ఎదుటి జట్టు పిల్ల చేతుల్లోకి వెళ్లింది. రెండోది ఎవ్వరూ లేనిచోట పడింది. మా అమ్మాయికి చెప్పలేదు. చెప్తే వద్దంటుందని తెలుసు. "పంపించావా నాన్నా?" అంటే, "పంపించాను" అన్నాను.

మర్నాడు మా మిత్రుడితో చెప్పాను, కొంచెం గొప్పగానే.

వాడు టీ కప్పు కింద పెట్టేశాడు. "ఏం పని జేసినవన్నా! ఈ దేశమొచ్చేటప్పుడు రెజ్యూమెల నువ్వు ఫెయిలైన సబ్జెక్టులు రాస్తివా?"

నేను రాయలేదు. అయినా, "నిజం నిలకడ మీద తెలుస్తుందయ్యా" అన్నాను. వాడు మాట మార్చి మా అమ్మాయి చదువు సంగతి అడిగాడు.

రెండు వారాలకు జవాబు వచ్చింది. వీడియో పంపినందుకు కృతజ్ఞతలు, ఈసారి శిబిరానికి పిలవలేకపోతున్నాం, అని మర్యాదగా నాలుగు లైన్లు. ఎందుకో రాయలేదు. ఆ రెండు త్రోల వల్లనా, అవి లేకపోయినా పిలిచేవాళ్లు కారా? నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. ప్లాంటులో పాడైన ముక్కను కోసి చూస్తే కారణం దొరుకుతుంది. ఇక్కడ కోసి చూడటానికేమీ లేదు.

ఆమె ఏడవలేదు. ఏ త్రో నచ్చలేదో చూసుకుంటానంటూ లాప్‌టాప్ తెరిచి, నేను పంపిన వీడియో పెట్టింది. ఆపమనలేకపోయాను. ఆరో త్రో తర్వాత బంతి ఎదుటి పిల్ల చేతుల్లో పడింది. ఆమె వెనక్కి జరిపి మళ్లీ చూసింది. చివరిదాకా చూసి లాప్‌టాప్ మూసింది.

"ఇవెందుకు పెట్టావ్?" అంది. తెలుగులో.

"అన్నీ మంచివే ఉంటే ఎవరూ నమ్మరమ్మా. వాళ్లు నమ్మాలని..."

"వాళ్లు నమ్మడానికా నాన్నా, నువ్వు నమ్మడానికా?"

ఆమె పైకి వెళ్లి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కాసేపటికి తన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "మా అమ్మకి పంపిద్దామని నేనూ అప్పుడప్పుడు తీశానండీ. చూడండి," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాలుగు చిన్న వీడియోలు. అటూ ఇటూ ఊగుతూ ఉన్నాయి. ఆట తెలిసినవాళ్లెవరూ అలా తీయరు. ఒక్కదాంట్లోనూ బంతి ఎక్కడ పడిందో కనపడదు. మా ఆవిడకు బంతితో పనిలేదు, ఫోను పిల్లమీదనుంచి కదలదు. అవన్నీ నేను తీసిన ఆటలే. ఆ త్రోలన్నీ నా పట్టికలో ఉన్నవే.

మొదటి వీడియోలో మా అమ్మాయి బంతి విసిరింది. విసిరి, బంతి ఎటు వెళ్లిందో చూడకుండా, తల పక్కకు తిప్పింది. ఎవర్ని చూస్తోందా అనుకున్నాను. రెండో దాంట్లోనూ అంతే. మూడో దాంట్లో మా ఆవిడ చేయి కొంచెం పక్కకు జరిగింది, కంచె కనిపించింది. కంచె దగ్గర గోధుమరంగు కోటు వేసుకున్న మనిషి ఫోను ఎత్తి పట్టుకుని బంతి వెంట మెల్లగా అటు తిరిగిపోతున్నాడు. ఇటు పిల్ల, నవ్వు ముఖంతో అతని వైపే చూస్తోంది. ఒక క్షణం చూసి, నవ్వు తగ్గించుకుని, తలదించి తనవాళ్ల దగ్గరికి నడిచి వెళ్లింది.

నాలుగో వీడియో చూడటానికి నాకు చాలాసేపు పట్టింది. సిగ్గేసింది. ఊళ్లో ప్రతివాణ్నీ తనిఖీ చేసే మనిషినై ఉండీ, నాకోసం తిరిగిన ముఖాన్ని రెండేళ్లపాటు ఒక్కసారి కూడా చూడలేదు.

జూన్ మొదటి వారంలో స్కూలు ఆటల్లో ఆఖరిది మిగిలింది. ముందురోజు ఆమె గది తలుపు తట్టి, "రేపు ఆటకి నేను రావచ్చా?" అని అడిగాను. ఫోనులోంచి తలెత్తకుండానే, "ఇట్స్ అప్ టు యూ," అంది. క్షమించమని అడగాలని వెళ్లాను. అడిగాను కూడా. "ఓకే నాన్నా," అంది.

మర్నాడు ఫోను కారులోనే వదిలేసి కంచె దగ్గర నిలబడ్డాను. పట్టిక లేదు. బంతి ఎటు పోతోందో, ఎవరు పట్టారో చూడలేదు, జనం అరుపుల్ని బట్టి తెలుసుకున్నాను. నా కళ్లు పిల్లమీదే ఉన్నాయి. కాళ్లు ఎలా సర్దుకుంటుందో, విసిరేముందు పై పెదవి ఎలా కొరుక్కుంటుందో ఆ రోజే చూశాను. ఎంత బాగా విసురుతుందో కూడా ఆ రోజే చూశాను. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

బంతి చేయి వదిలిన ప్రతిసారీ, ఇప్పుడు నావైపు తిరుగుతుందని ఎదురుచూశాను. ఆట అయిపోయేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాను. ఆమె బంతినే చూసింది, ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.