మందమర్రిలో గులాం అలీ పేరు

గోదావరిఖనిలో బొగ్గుబావి గేటు ఎదుట హోటల్ నడిపే గులాం అలీకి తన చాయ్ మీద ఉన్నంత గురి తన మీద కూడా ఉండేది కాదు. అతని దగ్గర మూడేళ్లు పనిచేసిన మొగిలి, మందమర్రిలో అతని పేరుతోనే హోటల్ పెట్టుకుంటానని 1968లో అడిగాడు. గులాం అలీ వారం ఆలోచించి, స్టాంపు కాగితం మీద రెండు షరతులు రాయించాడు. చాయ్ రుచి మారకూడదు. తాను ఒప్పుకోనిదే హోటల్ ఇంకొకరి చేతికి పోకూడదు. బోర్డు మీద పేరు తనది మరి!

ఐదేళ్లకు మొగిలికి బావిలో ఉద్యోగం దొరికింది. హోటల్‌ను వదిన పూలమ్మ పేరిట మార్చాలని గోదావరిఖనికి వచ్చి అడిగాడు.

"ఆమెకు చాయ్ చెయ్యొస్తదా?"

"నువ్వే వచ్చి చూడు కాకా."

గులాం అలీ పెళ్లిచూపులకు పోతున్నట్టు ఇస్త్రీ షేర్వానీ తొడుక్కుని, కాగితం జేబులో పెట్టుకుని రైలెక్కాడు.

పూలమ్మ చాయ్ ఇచ్చింది. ఒక గుక్క తాగి, దొంగను పట్టుకున్న జమేదారులా తలెత్తాడు.

"అల్లం ఏసినవ్."

"ఏసిన కాకా. బాయిల దుమ్ము మింగొచ్చెటోళ్లకు గొంతుకు మంచిది."

"కాగితంల అల్లం లేదు."

"కాగితంల తాగెటోళ్లు గూడ లేరు గద."

మొగిలి వాళ్లిద్దరి వంకా చూడలేక, తుడిచిన బెంచీనే మళ్లీ తుడవసాగాడు.

పూలమ్మ చాయ్ గిన్నె ముసలాయన ముందుకు జరిపింది. "పేరు నీది. ఇయ్యాల నువ్వే చెయ్యి. తాగెటోళ్లు ఏమంటరో ఇందాం."

గులాం అలీ ఉబ్బిపోయాడు. షేర్వానీ విప్పి, పొద్దుటి షిఫ్టు దిగే వేళకు తన పద్ధతిలో చాయ్ కాచి గ్లాసుల్లో పోశాడు.

మసి మొహాలతో కార్మికులు వచ్చి కూర్చున్నారు. సదయ్య అనే ఆయన మొదటి గుక్కకే మొహం చిట్లించాడు.

"పూలక్కా, పానం బాగలేదా ఏంది? చాయ్ గిట్లున్నది?" తర్వాత పొయ్యి దగ్గరున్న కొత్తమనిషిని చూశాడు. "గీ తాతను ఏడికెళ్లి తెచ్చినవ్? ఫికర్ చెయ్యకు, నాలుగు దినాలు నేర్పితే వస్తది."

పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గులాం అలీ చెవులు ఎర్రబడ్డాయి. తన బోర్డు కింద, తన పొయ్యి ముందు, తనకే పాఠమా? గట్టిగా ఏదో అనబోయాడు. ఇంతలో సదయ్యకు దగ్గు తెర వచ్చింది. పూలమ్మ గబగబా అల్లం దంచి చాయ్ కాచి ఇచ్చింది. అది తాగాక అతను గుండె నిండా ఊపిరి పీల్చుకోవడం గులాం అలీ చూశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

విప్పిన షేర్వానీ జేబులోంచి కాగితం తీసి, రుచి మారకూడదన్న చోట 'అల్లం తప్ప' అని రాసి, హోటల్ పూలమ్మకు ఇస్తున్నట్టు కింద సంతకం పెట్టాడు. పూలమ్మ వేలిముద్ర వేసింది. మొగిలి మర్నాడే బావిలో డ్యూటీ ఎక్కాడు.

ఆ తర్వాత గులాం అలీ నెలకోసారి తనిఖీ పేరుతో మందమర్రికి వచ్చేవాడు. రెండు గ్లాసులకు తక్కువ ఎప్పుడూ తాగలేదు. ఎట్లున్నదని పూలమ్మ అడిగితే మాత్రం, రైలుకు టైమైందని లేచేవాడు.