కోత లేని చెవి

మా అమ్మ స్టైనున్ పోయి ఈ సెప్టెంబరుకు మూడేళ్లు. ఐస్‌లాండ్ ఉత్తరాన మా లోయలో ఒక్కో ఇంటి గొర్రెలకు చెవి మీద ఒక్కో రకం కోత గుర్తు. వేసవంతా కొండల్లో కలిసి మేసిన మందలను సెప్టెంబరులో కిందికి తోలుకొచ్చి పంచుకుంటాం. తగువొస్తే చెవి తడిమి చూసే అమ్మ వేళ్లదే తీర్పు. నలభై ఏళ్లు అలాగే సాగింది.

ఆఖరి రెండేళ్లు ఆమెకు నేనెవరో తెలియదు. స్నానం చేయించబోతే "నా ఇంట్లో నీకేం పనే, దొంగదానా!" అని అరిచేది. నా బూట్లు తీసుకెళ్లి మంచులో విసిరేసేది. పొద్దు వాలితే కిటికీ దగ్గర కూర్చుని "మా సోల్వేయ్ ఇంకా రాలేదు" అని నాతోనే చెప్పుకునేది. సోల్వేయ్‌ని నేనే.

ఆ ఆఖరి సెప్టెంబరులో ఒక సోమవారం ఆమెను పట్నంలో వృద్ధాశ్రమంలో చేర్చాల్సి ఉంది. అంతకు ముందు శనివారం గొర్రెల పంపకానికి తీసుకెళ్లాను. వెళ్లిపోయేలోగా ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలనుకున్నాను.

మందలో అడుగుపెట్టగానే ఆమె నడుం నిటారైంది. ఒక చెవి తడిమి, "ఎడమ కొస కోత, కుడి వెనక గాటు. హ్యాల్టీ, నీదేరా, లాక్కుపో" అంది.

పొరుగింటి హ్యాల్టి పగలబడి నవ్వాడు. "మా ఆవిడ పుట్టినరోజే నాకు గుర్తుండదు. నీకివన్నీ ఎలా అక్కా?"

"ఆవిడ చెవి కూడా కోసి ఉంచాల్సింది."

అందరూ నవ్వారు. అది అచ్చం మా అమ్మ మాటే. ధైర్యం చేసి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"అమ్మా, మరి నేనెవరిదాన్ని?"

నా టోపీ పైకి తోసింది. ఉన్ని జిడ్డు అంటిన వేళ్లతో నా కుడి చెవి పట్టుకుంది. పైనుంచి కిందికి, మళ్లీ పైకి. తర్వాత ఎడమది. ఆ రెండేళ్లలో ఆమె నన్నంత మెత్తగా ముట్టుకోలేదు.

"కోత లేదు" అంది హ్యాల్టితో. "ఇది ఎవరిదీ కాదు."

నా మణికట్టు పట్టుకుని నడిపించింది. గుర్తు లేనివాటిని ఉంచే దొడ్డిలోకి నన్ను నెట్టి గడియ పెట్టింది. లోపల ఒక గొర్రెపిల్ల తల్లి కోసం అరుస్తోంది.

హ్యాల్టి పరుగున వచ్చాడు. "సోల్వేయ్, తియ్యనా?"

వద్దని తల ఊపాను.

అమ్మ కంచె మీదుగా వంగి నా మొహం చూసింది. "ఏడవకమ్మాయ్. చీకటి పడేదాకా చూద్దాం. నీకోసం ఎవరో ఒకరు వస్తారులే."

అని వెనక్కి తిరిగి మందలో కలిసిపోయింది.

ఆ గడియ లోపలినుంచి కూడా తీయొచ్చు. చీకటి పడేదాకా నేను తీయలేదు.